తాతయ్య పాయసంలో బెల్లం ఎందుకు వేయరు?

పండగనాడు ఇంటిల్లిపాదికీ బెల్లం పరమాన్నం వండినా, కిడ్నీ జబ్బున్న తాతయ్యకు వేరే గిన్నెలో పాయసం కాస్తారు. ఎందుకు?

కిడ్నీలు టీ వడగట్టే జాలీ లాంటివి. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. పనికొచ్చేదంతా ఒంటికి తిరిగిచ్చి, మిగిలిన లీటరో రెండు లీటర్లో మూత్రంగా పంపేస్తాయి. జబ్బు చేస్తే ఈ జాలీ సరిగా పనిచేయదు. అప్పుడు పొటాషియం, ఫాస్ఫరస్ అనే ఖనిజాలు రక్తంలో పేరుకుపోవచ్చు. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే ఎముకలు బలహీనపడతాయి.

చెరకు రసంలోని పొటాషియం బెల్లంలో చాలావరకు మిగులుతుంది. తెల్ల పంచదారలో దాదాపు ఉండదు. పాలలో రెండు ఖనిజాలూ ఉంటాయి. కిస్‌మిస్, ఖర్జూరం, కొబ్బరిలో పొటాషియం ఎక్కువ; జీడిపప్పులో ఫాస్ఫరస్ కూడా ఎక్కువే.

అందుకే సేమియాను ఎక్కువ నీళ్లు, కొద్ది పాలతో ఉడికించి, పంచదార కలిపి, యాలకుల పొడి, చెంచా నెయ్యి వేస్తారు. షుగర్ జబ్బు కూడా ఉంటే పంచదారకూ హద్దు ఉంటుంది. నీళ్లు కొలిచి తాగాల్సినవారికి పాయసమూ ఆ లెక్కలోకే వస్తుంది. ఎవరికి ఎంత పెట్టాలో చెప్పేది డాక్టరే.