ఇంటిలో వైర్లెస్ రౌటరు అమర్చుకొను విధానము

వ్యవసాయ కుటుంబములు అనేకము నేడు రెండు చోట్ల కాపురముండుచున్నవి. భూమి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలలో నుండగా, పిల్లల చదువుల కొరకును ఉద్యోగముల కొరకును నాగోల్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములలో ఇల్లు ఏర్పరచుకొన్నవారు చాలమంది కలరు. మూసీ వెంబడి పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు పశుగ్రాసమును, ఆకుకూరలను పండించు రైతులు వీరికి ఇరుగుపొరుగువారే.

వీరందరికిని ఇంటర్నెట్ నేడు విలాసవస్తువు కాదు. ఊరిలోని భూమి వివరములు చూచుకొనుటకు 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూ భారతి కలదు. వివిధ మార్కెట్లలోని ధరలు తెలిసికొనుటకు 2016లో ప్రారంభమైన ఈ-నామ్ కలదు. కొత్తపేట వద్ద నుండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు తరలిన పిమ్మట, ధర అడుగుటకు నడచిపోవు అవకాశము ఈ ప్రాంతము వారికి పోయినది. మందు చల్లుటకు ముందు రెండు దినముల వాన సూచన చూచుకొన్న రైతునకు మందు ఖర్చు కలిసివచ్చును.

అయినను, "నెలనెలా డబ్బు కట్టుచున్నాము, వెనుక గదిలో ఫోను పనిచేయదు" అను మాట తరచుగా వినవచ్చుచున్నది. వెంటనే ఎక్కువ ధర గల ప్లానునకు మారువారు కలరు. బోరులో నీరు పుష్కలముగా నున్నను కాలువకు గండి పడినచో చివరి మడికి నీరందదు. అప్పుడు మోటారు మార్చిన లాభమేమి? ఇంటర్నెట్ విషయమును అట్టిదే. బయటి లైను కంపెనీ వారిది. ఇంటిలోని అమరిక మీది. ఆ అమరికను సరిచేసికొను పద్ధతులు ఈ వ్యాసమున వివరింపబడినవి.

లైను రెండు రకములు

మొదటిది రాగి తీగె. ఇది పాత టెలిఫోను తీగెయే. దీనిపై వచ్చు ఇంటర్నెట్‌ను డి.ఎస్.ఎల్. అందురు. బి.ఎస్.ఎన్.ఎల్. వారు 2005 జనవరిలో "డేటావన్" అను పేరుతో ఈ సేవను ప్రారంభించిరి. మన మాటలు ఈ తీగెలో సెకనుకు 4 వేల కంపనముల లోపుననే సాగును. ఇంటర్నెట్ సమాచారము 25 వేల కంపనములకు పైన ప్రయాణించును. కనుకనే ఒకే తీగెపై మాటయు, ఇంటర్నెటును ఒకేసారి నడచును. ఈ రెండింటిని వేరుచేయు చిన్న డబ్బాకు స్ప్లిట్టరు అని పేరు.

రాగి తీగె పొడవు పెరిగినకొలది సంకేతము బలహీనపడును. ఎక్స్ఛేంజికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపు నున్న ఇంటికి మంచి వేగము వచ్చును. నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇంటికి ఎంత ఖరీదైన రౌటరు కొన్నను ఫలితము స్వల్పమే.

రెండవది ఫైబర్. ఇది గాజు పోగు. దీనిలో సమాచారము కాంతి రూపమున పోవును. ఇరువది కిలోమీటర్ల దూరమునకు కూడ ఇది చక్కగా పనిచేయును. నగరములలో ఎక్కువ చోట్ల రాగి తీగె స్థానమున ఇది వచ్చినది.

రాగి తీగెకు తగిన డి.ఎస్.ఎల్. రౌటరు ఫైబర్ లైనునకు నేరుగా పనికిరాదు. ఫైబర్ పెట్టె రాగి తీగెకు పనికిరాదు. కావున పెట్టె కొనుటకు ముందు మీ ఇంటికి వచ్చు లైను ఏ రకమైనదో కంపెనీ వారిని అడిగి తెలిసికొనవలెను. చవకగా వచ్చినదని పాత పెట్టెను కొన్న యెడల ఆ సొమ్ము వృథా కాగలదు.

పెట్టెను ఎక్కడ ఉంచవలెను?

లైను బిగించు మనిషి సాధారణముగా తీగె లోపలికి వచ్చిన చోటనే, వీధి గుమ్మము ప్రక్కన, పెట్టె నుంచి పోవును. అది అతనికి సులభము, మీకు నష్టము. రౌటరు నుండి తరంగములు అన్ని దిక్కులకు వ్యాపించును. పెట్టె ఇంటి మూలన ఉన్నచో సగము తరంగములు వీధిపాలగును.

నాగోల్ వైపు ఇండ్లు చాలవరకు ఇరుకు స్థలములో రెండు మూడంతస్తులుగా కట్టినవి. స్లాబులోని ఇనుప ఊచలు తరంగములను అడ్డగించును. ఇనుప బీరువా, ఫ్రిజ్, నీటి ట్యాంకు, పెద్ద అద్దము కూడ అట్లే చేయును. కావున ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. పెట్టెను ఇంటి మధ్య భాగమున, నిలువెత్తు మనిషి భుజమునకు సమమైన ఎత్తున ఉంచవలెను.

2. బీరువాపైన గాని, టి.వి. వెనుక గాని, చెక్క అలమరలో మూసి గాని ఉంచరాదు. వేడి బయటకు పోవుటకు చుట్టును ఖాళీ ఉండవలెను.

3. మైక్రోవేవ్ పొయ్యికి దూరముగా ఉంచవలెను. ఆ పొయ్యియు, రౌటరులోని 2.4 గిగాహెర్ట్జ్ తరంగమును ఒకే పౌనఃపున్యమున పనిచేయును.

4. రెండు తరంగములు గల పెట్టె అయినచో, దూరపు గదులకు 2.4ను, దగ్గరి గదులకు 5 గిగాహెర్ట్జ్‌ను వాడవలెను. మొదటిది గోడలను బాగుగా దాటును. రెండవది వేగమైనది, కాని గోడల వద్ద త్వరగా క్షీణించును.

5. పై అంతస్తునకు కూడ కావలెనన్నచో, మెట్ల ప్రక్కగా ఒక నెట్‌వర్కు తీగె తీసికొనిపోయి అచ్చట రెండవ పెట్టె అమర్చుట ఉత్తమము. ఈ తీగె 100 మీటర్ల వరకు పనిచేయును.

తీగెలు కలుపు క్రమము

రాగి లైను అయినచో, గోడ నుండి వచ్చు తీగెను స్ప్లిట్టరు యొక్క "లైను" రంధ్రమున కలుపవలెను. "ఫోను" రంధ్రము నుండి టెలిఫోనునకును, "మోడెము" రంధ్రము నుండి రౌటరునకును తీగెలు ఇవ్వవలెను. ఇంటిలో రెండవ టెలిఫోను ఉన్నచో దానిని కూడ స్ప్లిట్టరు తరువాతనే కలుపవలెను. ముందుగా కలిపిన యెడల ఫోనులో గరగర శబ్దము వచ్చును. గంట మ్రోగినపుడెల్ల ఇంటర్నెట్ తెగిపోవును. ఈ ఒక్క పొరపాటు వలన సంవత్సరముల తరబడి బాధపడు ఇండ్లు కలవు.

ఫైబర్ అయినచో పోగును గట్టిగా వంచరాదు, మేకునకు చుట్టరాదు. తీసిన కొనను కంటితో చూడరాదు. అందలి కాంతి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

తరువాత పెట్టెకు విద్యుత్తు ఇచ్చి రెండు మూడు నిమిషములు ఆగవలెను. పెట్టె అడుగున అంటించిన కాగితముపై దాని చిరునామా ఉండును. అది సాధారణముగా 192.168.1.1 గా నుండును. కంప్యూటరు గాని ఫోను గాని పెట్టెకు కలిపి, బ్రౌజరులో ఆ చిరునామా వ్రాసిన యెడల అమరిక పుట తెరచుకొనును. అందు కంపెనీ వారు ఇచ్చిన వినియోగదారు పేరును, సంకేతపదమును వ్రాయవలెను. ఈ రెండింటిని ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి ఉంచుట మేలు. పెట్టె వెనుక సూదిరంధ్రము వంటి మీట ఒకటి ఉండును. దానిని కొన్ని సెకన్లు అదిమిన అన్ని అమరికలు చెరిగిపోవును. పిల్లలు దానిని నొక్కకుండ చూడవలెను.

దీపములు చెప్పు సంగతులు

పవరు దీపము వెలుగనిచో, ముందుగా ప్లగ్గును అడాప్టరును చూడవలెను. డి.ఎస్.ఎల్. దీపము మినుకుమినుకుమనుచునే ఉన్నచో బయటి లైను అందలేదన్న మాట. ఫైబర్ పెట్టెలో "లాస్" అను ఎర్ర దీపము వెలిగిన యెడల గాజు పోగు ఎక్కడనో తెగినది లేక వంగినది. డి.ఎస్.ఎల్. దీపము నిలకడగా వెలుగుచుండగా ఇంటర్నెట్ దీపము మాత్రము వెలుగనిచో, వినియోగదారు పేరు గాని సంకేతపదము గాని తప్పియుండును, లేదా బిల్లు బాకీ ఉండును. అన్ని దీపములు సరిగా నుండి ఒక గదిలో మాత్రమే ఫోను పనిచేయనిచో, దోషము లైనులో లేదు. పెట్టె ఉన్న స్థలములో కలదు.

తాళము వేయుట

దీనిని తేలికగా తీసికొనరాదు. 2008 జూలై 26న అహ్మదాబాదు పేలుళ్లకు కొద్ది నిమిషముల ముందు పంపబడిన ఈ-మెయిలు, నవీ ముంబైలోని ఒక గృహస్థుని వైర్లెస్ కనెక్షను ద్వారా వెళ్ళినట్లు దర్యాప్తున తేలినది. ఆ ఇంటివారు ఎరుగని పనికి పోలీసులు ముందుగా వారి గుమ్మమునకే వచ్చిరి. 2013 ఫిబ్రవరి 21నాటి పేలుళ్లను చూచిన దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతము వారికి, పోలీసులు ఇట్టి విషయములలో ఎంత పట్టుదలగా నుందురో వేరుగా చెప్పనక్కరలేదు. కనెక్షను ఎవరి పేరున ఉండునో, మొదటి ప్రశ్న వారికే వచ్చును.

పెట్టెకు తాళములు రెండు. ఒకటి వైఫై సంకేతపదము. రెండవది అమరిక పుటను తెరచు సంకేతపదము. రెండవదానిని చాలమంది మరతురు. కంపెనీ నుండి వచ్చిన "అడ్మిన్" అను మాటనే అట్లే వదలివేయుదురు. ఇది ముందు తలుపునకు తాళము వేసి దొడ్డి తలుపు తెరచి ఉంచుట వంటిది. రెండింటిని మొదటి దినముననే మార్చవలెను.

భద్రతా పద్ధతిగా డబ్ల్యు.పి.ఎ. 2 గాని డబ్ల్యు.పి.ఎ. 3 గాని ఎంచుకొనవలెను. పాతదైన డబ్ల్యు.ఇ.పి. పద్ధతిని తెలిసినవారు నిమిషములలో ఛేదింపగలరు. సంకేతపదము పన్నెండు అక్షరములకు తక్కువ గాకుండ ఉండవలెను. ఫోను నంబరు, ఇంటి నంబరు, పిల్లల పేర్లు పనికిరావు. పొలము పేరు, ఒక ఎద్దు పేరు, ఒక సంఖ్య కలిపి వ్రాసిన మీకు గుర్తుండును. ఇతరుల ఊహకు అందదు.

క్రింది వాటాలో అద్దెకున్నవారు అడిగినచో "అతిథి" నెట్‌వర్కు అను సౌకర్యమును వాడి వేరు సంకేతపదము ఇవ్వవలెను. వారు ఖాళీ చేసి పోయిన దినముననే దానిని మార్చవలెను.

ఈ తాళము ఇంటికే గాని, మనము స్వయముగా పిలిచిన దొంగకు కాదు. పి.ఎం. కిసాన్ పేరుతోను, బ్యాంకు పేరుతోను వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైళ్లను తెరచినచో రౌటరు ఆపలేదు. అట్టివానిని తాకరాదు. సొమ్ము పోయిన యెడల ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపవలెను.

వేగము లెక్క

ప్లానులో చెప్పు వేగము మెగాబిట్లలో నుండును. ఫైలు పరిమాణము మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 40 మెగాబిట్ల లైనుపై సెకనుకు 5 మెగాబైట్లు మాత్రమే దిగును. 100 మెగాబైట్ల వీడియోకు 20 సెకన్లు పట్టును. ఇది మోసము కాదు, కొలమానముల భేదము. సెకనుకు కనీసము 2 మెగాబిట్లు ఉన్నదానినే బ్రాడ్‌బ్యాండ్ అనవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో నిర్ణయించినది. అంతకు ముందు ఆ కొలత 512 కిలోబిట్లు.

ఫిర్యాదు చేయుటకు ముందు వేగమును రెండు చోట్ల పరీక్షింపవలెను. మొదట పెట్టెకు రెండు గజముల దూరమున. పిదప వెనుక గదిలో. రెండు చోట్లను తక్కువగా నున్న దోషము లైనుది. కంపెనీకి ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబరు వ్రాసికొనవలెను. దగ్గర బాగుగ నుండి దూరమున తగ్గిన దోషము ఇంటిది. పెట్టె స్థలము మార్చవలెను. ప్లాను పెంచినందువలన ఈ రెండవ దోషము పోదు.

విద్యుత్తు, పిడుగు, స్తంభములు

రౌటరు సుమారు 10 వాట్లు వాడును. పగలు రేయి నడచిన నెలకు ఏడు యూనిట్ల కరెంటు ఖర్చగును. కరెంటు పోయినపుడు పనిచేయుటకు చిన్న బ్యాటరీ పెట్టెలు దొరకును. అడాప్టరుపై వ్రాసిన వోల్టులను సరిచూచికొనియే కొనవలెను.

ఉరుములు మెరుపులు ఉన్నపుడు అడాప్టరును, రాగి తీగెను కూడ ఊడదీయవలెను. ఫైబర్ పోగు విద్యుత్తును ప్రసరింపదు. కాని అడాప్టరు తీగె ద్వారా ప్రమాదము రాగలదు.

వీధిలో తెగి వ్రేలాడు కేబులును ముట్టరాదు. 2025 ఆగస్టులో మనకు సమీపమున నున్న రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథము విద్యుత్తునకు గురియై ఐదుగురు మరణించిరి. అటు పిమ్మట విద్యుత్ స్తంభములపై వ్రేలాడు కేబుళ్లను తొలగింపగా అనేక ఇండ్లలో ఇంటర్నెట్ నిలిచిపోయినది. ఇంటర్నెట్ ఒక దినము లేకున్నను బ్రతుకవచ్చును. కేబులును డాబాపై నుండి కర్రతో లాగి బిగించుకొను ప్రయత్నము ఎన్నడును చేయరాదు.

ముఖ్యాంశములు

• లైను రకము తెలిసికొనిన పిదపనే పెట్టె కొనవలెను.
• ఇంటి మధ్య, ఎత్తున, ఇనుమునకు దూరముగా అమర్చవలెను.
• టెలిఫోన్లన్నియు స్ప్లిట్టరు తరువాతనే కలుపవలెను.
• రెండు సంకేతపదములను మొదటి దినముననే మార్చవలెను.
• ప్లాను పెంచుటకు ముందు రెండు చోట్ల వేగము పరీక్షింపవలెను.

ఈ పనులకు అదనపు ఖర్చు దాదాపు లేదు. ఒక ఆదివారపు ఉదయము చాలును. వానకు ముందే కాలువ గట్లు సరిచూచుకొను రైతునకు ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. పంటలకు సంబంధించిన సందేహములకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరునకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.