ఫోను లాక్కుంటే దిగులు తీరదు

నరసరావుపేట: సెలవులకు ఇంటికొచ్చిన ఇంజనీరింగు కుర్రాడు పొద్దెక్కినా మంచం దిగడు. నాలుగు మెతుకులు కెలికి లేస్తాడు. అర్ధరాత్రి దాటినా దుప్పట్లో ఫోను వెలుగుతూనే ఉంటుంది. 'బద్ధకం మరిగాడు' అంటాడు తండ్రి. 'దిష్టి తగిలింది' అంటుంది నాయనమ్మ. రెండూ కాకపోవచ్చు. అది కుంగుబాటు కావచ్చు. అదీ ఒక జబ్బే. వైద్యం ఉంది.

ఎలా గుర్తించాలి?

పరీక్ష తప్పితే నాలుగు రోజులు దిగులుపడటం మామూలే. ఆ దిగులు రెండు వారాలైనా వదలకపోతే, ఇష్టమైన ఆటాపాటా రుచించకపోతే, నిద్ర, తిండి, చదువుమీద ధ్యాస చెడితే డాక్టరుకు చూపించాలి. అడిగితే 'ఏం లేదు' అంటారు పిల్లలు. అందుకే మాటలకన్నా పనులు చూడాలి. స్నానం చేస్తున్నాడా? క్లాసుకు వెళ్తున్నాడా? స్నేహితులను కలుస్తున్నాడా?

ఫోను సంగతేమిటి?

ఇన్‌స్టాగ్రాంలో ఒకరి ఉద్యోగం, ఇంకొకరి అమెరికా ప్రయాణం కనిపిస్తాయి. వాళ్ల అప్పులు, తప్పిన సబ్జెక్టులు కనిపించవు. 'అందరూ ముందుకెళ్లారు, నేనే మిగిలాను' అనిపిస్తుంది. నిద్ర కరువవుతుంది. అయితే ఫోనువల్ల దిగులు వచ్చిందా, దిగులు పుట్టి ఫోనులో తల దూర్చాడా అన్నది అందరిలో ఒకేలా ఉండదు. లాక్కుని నాలుగు తిడితే ఉన్న ఒక్క తోడూ పోయినట్లవుతుంది. పడుకునేముందు పక్కన పెట్టేలా నచ్చజెప్పడం మేలు.

ఎవరిని అడగాలి?

2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 'బతకాలని లేదు' అని పిల్లలంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేయండి.

కాలేజీల బాధ్యత

2023 జులైలో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించింది. ఆమె తండ్రి న్యాయంకోసం కోర్టుకెళ్లాడు. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హతగల కౌన్సిలరు ఒక్కరైనా ఉండాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనపడేలా రాయాలి. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు 'కౌన్సిలరు ఎవరు? ఎక్కడ కూర్చుంటారు?' అని అడగండి. అడిగే హక్కు తల్లిదండ్రులకుంది.

మిరపతోటలో ఆకు ముడుచుకుంటే మర్నాడే మందుల కొట్టుకు పరుగెత్తే రైతులం మనం. బిడ్డ ముఖం వాడితే 'వాడే సర్దుకుంటాడులే' అనుకుంటే ఎలా?