అమ్మకు జ్వరం వస్తే బిడ్డకు పాలివ్వవచ్చా?

వానాకాలం వచ్చిందంటే సూరత్‌లో మలేరియా, డెంగీ, ఫ్లూ జ్వరాలు మొదలవుతాయి. బదిలీపై ఇక్కడికి వచ్చిన మన కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో పెద్దవాళ్లు తోడుండరు. పాలిచ్చే తల్లికి జ్వరం రాగానే ఊరి నుంచి ఫోనులో వచ్చే మొదటి సలహా, “జ్వరం పాలు పట్టకమ్మా, బిడ్డకూ వస్తుంది” అని. ప్రేమతో చెప్పినా ఆ మాట సరికాదు.

ఒంటి వేడి వల్ల పాలు చెడిపోవు. మలేరియా దోమకాటుతో వస్తుంది, ఫ్లూ దగ్గు తుంపర్లతో వస్తుంది. ఇవి పాల ద్వారా సోకవు. పైగా జ్వరం బయటపడేసరికే ఫ్లూ క్రిములు బిడ్డ దాకా వెళ్లి ఉండవచ్చు. వాటితో పోరాడటానికి తల్లి శరీరం తయారుచేసే రక్షణ కణాలు, యాంటీబాడీలు పాలలో బిడ్డకు అందుతాయి. డెంగీలో కూడా సాధారణంగా పాలు కొనసాగించమనే డాక్టర్లు చెబుతారు.

పాలు ఆపితేనే ఇబ్బంది. రొమ్ములు గడ్డకట్టి నొప్పి చేస్తాయి, పాలు తగ్గుతాయి. డబ్బా పాలకు శుభ్రమైన నీళ్లు, మరిగించిన సీసా కావాలి. 2006 ఆగస్టులో తాపీ వరదకు ఈ నగరంలో ఎక్కువ భాగం మునిగింది. అలాంటి రోజుల్లో శుభ్రమైన నీళ్లు దొరకడమే కష్టం.

పాటించవలసినవి:

• పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దగ్గు, జలుబు ఉంటే మాస్కు పెట్టుకోవాలి.

• నీళ్లు, మజ్జిగ, గంజి ఎక్కువగా తాగాలి. తల్లీబిడ్డలు దోమతెరలో పడుకోవాలి.

• జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోవచ్చు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

• ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా “బిడ్డకు పాలిస్తున్నాను” అని ముందే చెప్పాలి. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్, జి6పిడి లోపం ఉన్న బిడ్డల ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు.

• రొమ్ము ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. ఆ వైపు పాలు ఇవ్వడం మానకూడదు.

• లేచి కూర్చునే ఓపిక లేకపోతే పాలు పిండి, శుభ్రమైన గిన్నెలో పట్టి, చెంచాతో తాగించవచ్చు. ఆ పని, గిన్నెలు మరిగించే పని భర్తది.

రొమ్ముపై హెర్పిస్ పొక్కులు, కాన్పు సమయంలో ఆటలమ్మ, క్షయ, హెచ్ఐవి, ఎలుక జ్వరం అనుమానం ఉన్నప్పుడు మాత్రం సొంత నిర్ణయం వద్దు. వెంటనే డాక్టరును అడగండి. తల్లికి ఆయాసం, మగత, రక్తస్రావం, ఆగని వాంతులు ఉన్నా, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి ఊరి నుంచి ఫోను వస్తే ఈ విషయాలు అత్తమ్మకు, అమ్మమ్మకు కూడా నెమ్మదిగా చెప్పండి.