మీకు తెలుసా? ఒకే స్వరచిహ్నం, రెండు పేర్లు

శింగనమల బడుల్లో పిల్లలు పాడే జనగణమన బాణీని పాశ్చాత్య నొటేషన్‌లో రాసింది మన రాయలసీమలోనే. అనంతపురం నుంచి కదిరి, ములకలచెరువు మీదుగా పోతే వచ్చే మదనపల్లెలో. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న విదుషి. ఠాగూర్ పాడి వినిపించిన బాణీని ఆమె అయిదు గీతల మీద స్వరచిహ్నాలుగా రాశారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ అక్కడే ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం కూడా పూర్తి చేశారు. పాట 1911 నాటిది, బాణీ కవిదే. మదనపల్లె చేసిన మేలు ఏమిటంటే, ఆ పాట ఎన్నడూ వినని వాద్యకారుడు కూడా చూసి వాయించేటట్టు దాన్ని కాగితం మీదికి తేవడం.

అయితే ఆ కాగితం మీది గుర్తుల్ని ఏమని పిలవాలి? ఐర్లండ్ అప్పట్లో బ్రిటన్ ఏలుబడిలో ఉంది. కాబట్టి మార్గరెట్ చదువుకున్నవి బ్రిటిష్ పేర్లే అయి ఉంటాయి. తోక లేని ఖాళీ గుండ్రాన్ని బ్రిటన్‌లో సెమీబ్రీవ్ అంటారు, అమెరికాలో హోల్ నోట్ అంటారు. దానికి ఒక నిలువు గీత తగిలిస్తే కాలం సగమవుతుంది: బ్రిటన్‌లో మినిమ్, అమెరికాలో హాఫ్ నోట్. గుండ్రాన్ని సిరాతో నింపితే క్రాచెట్, లేదా క్వార్టర్ నోట్. గీత కొసకు ఒక కొక్కెం పెడితే క్వేవర్, లేదా ఎయిత్ నోట్. రెండు కొక్కేలైతే సెమీక్వేవర్, లేదా సిక్స్‌టీన్త్ నోట్. ఇంకా కిందికి పోతే బ్రిటిష్ పేర్లు నోరు తిరగనివ్వవు. అమెరికన్లు సిక్స్‌టీఫోర్త్ నోట్ అని ఊరుకునేదాన్ని బ్రిటన్ వాళ్లు హెమీడెమీసెమీక్వేవర్ అంటారు.

బ్రిటిష్ పేర్ల వెనుక మధ్యయుగపు చర్చి గాయకుల చరిత్ర ఉంది. వాళ్లకు మొదట్లో ముఖ్యమైన స్వరాలు రెండు: పొడుగుదైన లాంగా, పొట్టిదైన బ్రెవిస్. బ్రెవిసే ఇంగ్లీషులో బ్రీవ్ అయింది. అందులో సగం సెమీబ్రీవ్. అంతకంటే చిన్నది మినిమ్, అంటే లాటిన్‌లో అన్నిటికన్నా చిన్నదని. తర్వాతి శతాబ్దాల్లో దాని కిందికి ఇంకా చిన్న స్వరాలు వస్తూనే ఉన్నాయి, పెద్దవి వాడుక నుంచి తప్పుకుంటూ వచ్చాయి. నేడు మామూలు సంగీతంలో కనిపించే అత్యంత పొడుగైన స్వరం పేరుకు ‘పొట్టిదానిలో సగం’. అన్నిటికన్నా చిన్నదనే పేరున్న మినిమ్ దాని పక్కనే రెండో స్థానంలో కూర్చుంది. ఆరేడు వందల ఏళ్లలో సంగీతపు రాత ఎలా మారిందో ఈ పేర్లే చెబుతాయి. అందుకే ఇవి పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోవలసినవి కావని నా నమ్మకం.

అమెరికా పేర్లు జర్మనీ నుంచి వచ్చాయి. పూర్తిది, సగం, పావు అని జర్మన్లు లెక్క ప్రకారం పిలిచేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ సంగీతకారులు పెద్ద సంఖ్యలో అమెరికా చేరారు, వాళ్ల పేర్లు ఇంగ్లీషులోకి మారి అక్కడ స్థిరపడ్డాయి. ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ వాయించే పెద్దను బ్రిటన్‌లో లీడర్ అని, అమెరికాలో కాన్సర్ట్ మాస్టర్ అని పిలవడం వెనుక ఉన్నదీ ఈ జర్మన్ వరసే. తాళంలో ఒక్కో ఆవర్తం రాసే గడి బ్రిటన్‌లో బార్, అమెరికాలో మెజర్; సెమీటోన్ అక్కడ హాఫ్ స్టెప్. మన దేశంలో చాలామంది పిల్లలు లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షల పుస్తకాల్లో క్రాచెట్ అని చదివి, అమెరికన్ల వీడియోలో క్వార్టర్ నోట్ అని విని రెండూ వేరేమో అనుకుంటారు. రెండూ ఒకటే.

లెక్కకు అమెరికా పేర్లు సులువనే మాట నిజమే. నాలుగు పావులు ఒక పూర్తి అని ఏ పిల్లవాడికైనా చప్పున తెలుస్తుంది. కానీ ఒక చిక్కుంది. మూడు దెబ్బల తాళంలో, అంటే వాల్ట్జ్ లాంటి నడకలో, ఒక బార్‌లో పట్టేవి మూడు పావులే. అక్కడ ‘పూర్తి’ స్వరం ఆ బార్‌లో పట్టనే పట్టదు. పేరేమో పూర్తి! సెమీబ్రీవ్‌తో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ పేరు బ్రీవ్‌లో సగం అంటుందే తప్ప పూర్తి అనదు.

పేర్ల సంగతి అలా ఉంచితే, రాత విలువ ఏమిటో జనగణమన విషయంలోనే మళ్లీ తెలిసింది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలకు వెళ్లిన మన ప్రతినిధులను జాతీయగీతం ఇమ్మని అడిగారు. అప్పటికి మనకు అధికారికంగా గీతమే లేదు. తమ దగ్గరున్న జనగణమన రికార్డును వాళ్లు అక్కడి ఆర్కెస్ట్రాకు ఇచ్చారు. వాద్యకారులు దాన్ని విని సాధన చేసి వాయించారు. ఆ కొత్త బాణీ విని చాలా దేశాల ప్రతినిధులు స్వరాలు రాసిన ప్రతి కావాలని అడిగారని 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో చెప్పారు. 1950 జనవరి 24న జనగణమన అధికారికంగా జాతీయగీతమైంది. అలాంటి ప్రతిని చూసి వాయించే వాద్యకారుడు క్రాచెట్ అన్నా, క్వార్టర్ నోట్ అన్నా కాగితం మీది గుర్తు మారదు. లండన్‌లో రాసింది న్యూయార్క్‌లో ఏ మార్పూ లేకుండా పలుకుతుంది. తేడా అంతా నోటి మాటలోనే.

మన సంగతి చూడండి. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. చర్చి గాయకుల పొట్టి, పొడుగు స్వరాలకు ఇది దగ్గరి ఆలోచన. మన స్వరలిపిలో అది ఇంకా తేటగా కనిపిస్తుంది: ‘స’ అని రాస్తే ఒక అక్షరకాలం, ‘సా’ అని రాస్తే రెండు. మీద అడ్డగీత గీస్తే వేగం రెట్టింపు. తెలుగు చదవడం వచ్చినవాడికి దీర్ఘం తీయడం వేరే నేర్పనక్కర్లేదు.

మన కృతుల్ని అయిదు గీతల మీదికి ఎక్కించే పని కూడా జరిగింది. 1893లో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ త్యాగరాజ కృతులను యూరోపియన్ నొటేషన్‌లో ప్రచురించారు. ఎట్టయపురం విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు ఆయనకు తోడ్పడ్డారు. ఆ దీక్షితులే 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని తమిళదేశంలో ఉండి తెలుగు లిపిలో అచ్చువేయించారు. అయిదు గీతల పద్ధతిలో స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పవచ్చు, అది ఎలా ఊగాలో, అంటే దాని గమకాన్ని, చెప్పడం కష్టం. అందుకని దీక్షితులు కంపితానికి ఒక గుర్తు, స్ఫురితానికి ఒకటి, నొక్కుకు ఒకటి, జారు పైకైతే ఒకటి, కిందికైతే ఇంకొకటి అని గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టి, వాటిని స్వరాక్షరాల పైన ముద్రింపజేశారు.