కొండముచ్చుకు లేని మూడు గంటలు
సహజాతం చేయించిన పనికి మనిషిని శిక్షించవచ్చా? ధార్వాడ్ అడవికీ, బొంబాయి కోర్టుకూ నడుమ నలిగే ప్రశ్న

అది 1962. ధార్వాడ్ సమీప అడవుల్లో జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా కొండముచ్చుల గుంపును గమనిస్తున్నారు. బయటి నుంచి వచ్చిన మగ కొండముచ్చులు పాత నాయకుడిని తరిమేశాయి. చివరికి గుంపు ఒకదాని చేతికి చిక్కింది. ఆ తర్వాత అది తల్లుల పొట్టలకు కరుచుకుని ఉన్న పిల్లలను ఒక్కొక్కటిగా కొరికేసింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు త్వరలోనే ఎదకొచ్చి ఆ హంతకుడితోనే జతకట్టాయి.

గుంపులు కిక్కిరిసిపోవడం వల్ల పుట్టిన ఉన్మాదమిదని చాలామంది అనుకున్నారు. 1971లో రాజస్థాన్‌లోని మౌంట్ అబూకు వచ్చిన అమెరికా పరిశోధకురాలు సారా హర్డీ కూడా మొదట్లో అలాగే భావించారు. చూడగా చూడగా ఆమె అభిప్రాయం మారింది. పాలు తాగే బిడ్డ పోతే తల్లి త్వరగా ఎదకొస్తుంది, కొత్త నాయకుడి వంశం పెరుగుతుంది. ఇందులో ఉన్మాదం లేదు, లెక్క ఉంది. ఆ లెక్క కొండముచ్చుకు తెలియనక్కర్లేదు. ఆడవీ ఊరుకోవు. కలిసికట్టుగా ఎదురు తిరుగుతాయి, పలు మగవాటితో జతకట్టి తండ్రి ఎవరో తేలకుండా చేస్తాయి. హర్డీ వాదనపై ఏళ్ల తరబడి దుమారం రేగింది. నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చులపై 1999లో వెలువడిన డీఎన్ఏ ఫలితాలు ఆమె వైపే మొగ్గాయి: దాడి చేసిన మగవి ఆ పిల్లల తండ్రులు కావు.

మగవాడి అసూయకూ ఇదే మూలమంటే తప్పేముంది అనే వాళ్లున్నారు. వారికి బొంబాయి సమాధానం చెబుతుంది.

1959 ఏప్రిల్ 27. నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతికి భార్య సిల్వియా తనకు ప్రేమ్ అహూజాతో ఉన్న సంబంధం చెప్పేసింది. ఆయన భార్యాపిల్లలను మెట్రో సినిమా హాలు దగ్గర దింపారు. తన ఓడకు వెళ్లి, అబద్ధపు కారణం చెప్పి రివాల్వర్, ఆరు తూటాలు తీసుకున్నారు. అహూజా ఆఫీసులో లేకపోతే ఫ్లాటుకు వెళ్లారు. అహూజా చనిపోయాక పోలీసులకు లొంగిపోయారు. జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. నగరమూ అదే అంది. హైకోర్టు ఒప్పుకోలేదు, యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది.

తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొడితే నిగ్రహం కోల్పోయి చేసిన హత్యను చట్టం కాస్త చిన్న నేరంగా చూస్తుంది. అయితే ఇల్లు వదిలినప్పటి నుంచి హత్య దాకా దాదాపు మూడు గంటలున్నాయి. మనసు కుదుటపడటానికి ఆ వ్యవధి చాలునని కోర్టు తేల్చింది. ఆవేశం రావడం నేరం కాలేదు. దాన్ని మూడు గంటలు మోసుకు తిరగడమే నేరమైంది.

మెదడు శాస్త్రం ఈ నమ్మకాన్నీ కుదిపింది. మనిషి మణికట్టు కదపడానికి సుమారు అర సెకను ముందే మెదడులో సన్నాహం మొదలవుతుందనీ, కదపాలన్న కోరిక తెలిసేది 0.2 సెకన్ల ముందేననీ 1983లో బెంజమిన్ లిబెట్ చూపించారు. స్వేచ్ఛ ఉత్త భ్రమేనని చాలామంది ఎగిరి గంతేశారు. లిబెట్ మాత్రం ఆ చివరి క్షణంలో వద్దనుకునే శక్తి మనిషికి ఉందన్నారు. ఆ సన్నాహం నిర్ణయమే కాదు, మెదడులోని యాదృచ్ఛిక అలజడి కావచ్చని 2012లో ఆరన్ షుర్గర్ బృందం వాదించింది. అయినా మణికట్టు కదపడానికీ, అబద్ధమాడి రివాల్వర్ తీసుకోవడానికీ పోలికేమిటి? అర సెకనులో పుట్టిన కోపానికి ఆ మధ్యాహ్నం ఎన్ని మలుపులు దొరికాయి!

నానావతికి 1964లో క్షమాభిక్ష దొరికింది. కెనడా వెళ్లిన ఆయన 2003లో మరణించారు. 2024 జులైలో శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది. నిందితుడు ఎంతసేపు ఆగగలిగేవాడో న్యాయమూర్తులు ఇప్పటికీ గడియారం చూసే లెక్క కడుతున్నారు.