నల్లమలలో ఒక చిన్న నడక

మార్కాపురం రోడ్డు స్టేషనులో నంద్యాల వైపు పోవు రైలెక్కినచో, కంభము, గిద్దలూరు దాటిన పిదప దిగువమెట్ట వచ్చును. అచ్చటినుండి దారి నల్లమల కొండలలో ప్రవేశించును. గిద్దలూరు - నంద్యాల రోడ్డు కూడ ఈ అడవి గుండానే పోవుచున్నది. కొనకనమిట్ల ప్రాంతమువారిలో పెక్కుమంది మహానంది యాత్రకో, బంధువుల యిండ్లకో ఈ దారిని పోయినవారే. కాని కిటికీలోనుండి చూచుటయే గాని, ఆ చెట్ల నీడను నాలుగడుగులు నడచినవారు కొలదిమంది. అట్టి చిన్న నడకవలన గ్రామమునకు కలుగు ప్రయోజనమెట్టిదో పంచాయతీ సభ్యులకు తెలుపుటకే ఈ వ్యాసము.

మిక్కిలి అరుదైన ప్రాణి

గిద్దలూరు, నంద్యాలల నడుమనున్న ఈ అడవిలో మెరయు నీలివన్నెగల ఒక పెద్ద సాలీడు నివసించుచున్నది. దీని సహజ నివాసముగా శాస్త్రజ్ఞులు ముఖ్యముగా ఎరిగినది ఈ అడవినే. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. అతనికి లభించిన సాలీడు గుత్తి రైల్వే స్టేషనులోని కలప నిలువలలో దొరకినది. అందుచే దీనికి గుత్తి సాలీడు అను పేరు స్థిరపడెను. కాని దీని యసలు నివాసము గుత్తి కాదు. సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న ఈ అడవినుండి కలపతోపాటు రైలులో అచటికి చేరియుండునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఆ పిమ్మట నూరేండ్లవరకు అది ఎవరికంటను పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మరల కనుగొనబడినది. అది వ్యాపించియున్న ప్రదేశము 100 చదరపు కిలోమీటర్లకు మించదని తేల్చి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని అంతరించిపోవు ప్రమాదము మిక్కిలి హెచ్చుగానున్న జాతులలో చేర్చిరి.

తొర్ర విలువ

ఈ సాలీడు నేలమీద ఇల్లు కట్టదు. ఎత్తైన ముసలి చెట్ల తొర్రలలో గూడు అల్లుకొని, పగలు దాగియుండి, రాత్రివేళ ఎగిరివచ్చు పురుగులను పట్టి తినును. తొర్రలు చాలనిచోట ఒకే తొర్రలో పలు సాలీళ్లు కలసి కాపురముండును. ఆడది పది పండ్రెండేండ్లు బ్రతుకును. లేతచెట్టుకు తొర్ర ఏర్పడదు. కొమ్మ విరిగి, గాయము పుచ్చి, లోపల గుల్లయగుటకు ఎన్నో యేండ్లు పట్టును. అట్టి చెట్టును చూచినప్పుడు మనము, "ఇది కలపకు పనికిరాదు, వంటచెరకుకు కొట్టుదము" అనుకొందుము. మనకు పనికిరానిదిగా తోచిన ఆ చెట్టే దానికి ఇల్లు. ఆ చెట్టు పోయిననాడు, ప్రక్కన నూరు మొక్కలు నాటినను దానికి వెంటనే నివాసము దొరకదు. కలపకు, వంటచెరకుకు చెట్లు కొట్టుటయే ఈ జాతికి వాటిల్లిన ముప్పులలో ముఖ్యమైనది. పెంచుకొనుటకై విదేశములలో దీనిని కొనువారుండుట మరియొకటి.

నడక యెట్లుండవలెను

గిద్దలూరు - నంద్యాల రోడ్డుపైనున్న పచ్చర్లయందు అటవీశాఖవారు యాత్రికులకై ఒక వనవిడిది నెలకొల్పిరి. గ్రామమునుండి బృందముగా పోదలచినవారు, అది తెరచియున్నదో లేదో ముందుగా శాఖాధికారుల నడిగి, అనుమతి పొంది బయలుదేరవలెను. ఇది రక్షిత అటవీ ప్రాంతము. పగటివేళనే, శాఖవారు చూపిన మనుష్యుని వెంటనే నడువవలెను. 2024లో పచ్చర్ల సమీపమున చిరుతపులి దాడిలో ఒక స్త్రీ మరణించినది. కావున ఒంటరిగా దారి తప్పి పోరాదు. వేసవిలో ఎండుటాకులు నేలంతయు పరచుకొనియుండును. ఆరిపోని ఒక్క బీడిముక్క చాలును, కొండ తగులబడుటకు. తొర్రలలో చేయి పెట్టరాదు. సాలీడు కాటు ప్రాణముతీయునని తెలియకున్నను, బాధ మిక్కుటము.

దూరముకంటె నిదానము ముఖ్యము. అరగంట నడకలో నల్లమద్ది, తునికి, మోదుగ, వెదురు చూడవచ్చును. ఈ చెట్లలో పెక్కు ఎండకాలమున ఆకు రాల్చి, ఒంటిలోని నీటిని కాపాడుకొనును. రాలిన ఆకు వానచినుకు దెబ్బ నేలకు తగులనీయక, నీరు మెల్లగా ఇంకునట్లు చేయును. గుండ్లకమ్మ పుట్టినది ఈ నల్లమలలోనే. అడవికిని మన పొలములకును గల సంబంధము పుస్తకముకంటె ఇచ్చటనే పిల్లలకు బాగుగా బోధపడును.

పంచాయతీ చేయదగిన పని

అడవికి పోలేని వృద్ధులు, వికలాంగులు గ్రామములోనే ఇట్టి నడకకు నోచుకొనవచ్చును. చెరువుగట్టుననో, తోపుననో నాలుగడుగుల వెడల్పున చదునైన బాట వేసి, పన్నెండడుగుల పొడవునకు ఒక అడుగుకంటె వాలు మించకుండ చూచినచో, చక్రముల కుర్చీ సాగిపోవును. నడుమ నడుమ కూర్చుండుటకు అరుగులు కట్టిన చాలును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పోరంబోకులోని చెట్లను వేలమునకు పెట్టునపుడు మొదట పట్టికకెక్కునది తొర్రబడిన ముసలి చెట్టే. ఇకమీదట పట్టిక వ్రాయుటకు ముందు సభ్యులు ఒక్కసారి ఆ చెట్ల చుట్టు నడచి చూడుడు. మన మర్రి, చింతల తొర్రలలో నీలి సాలీడుండదు. కాని గుడ్లగూబయుండును, అది రాత్రులందు చేలలోని ఎలుకలను పట్టును. చిలుకలు, గోరువంకలు, తేనెటీగలు నుండును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరచి, తన పరిధిలోని చెట్లను, ప్రాణులను పట్టికలో నమోదు చేయింపవలెను. ఆ పట్టికలో తొర్రచెట్లకు చోటు కల్పించినచో, వేలపు పట్టికనుండి వానిని తప్పించుట సులభమగును.

ఎండినదని, పుచ్చినదని తోచిన చెట్టును నిలుపుటకు పంచాయతీకి ఖర్చు లేదు. దారిప్రక్కను కూలిపడు ప్రమాదమున్నచో కొమ్మలు మాత్రము తీయింపవచ్చును. తక్కిన మానును నిలువనిండు.