కారు తలుపులో గోగునార!

గోంగూర పచ్చడి ఎరగని తెలుగిల్లు ఉండదు. ఆ గోంగూర చుట్టం ఒకటి ఖరీదైన విదేశీ కారు తలుపుల్లో దర్జాగా కూర్చుందంటే మాత్రం ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. బీఎండబ్ల్యూ 2013లో తెచ్చిన ఐ3 కారులో తలుపుల లోపలి పలకలకు వాడింది కెనాఫ్ నార. ఆ ఏడాది ఫోర్డ్ ఎస్కేప్ మోడల్ తలుపుల్లోనూ అదే. కెనాఫ్ అంటే మరేదో కాదు... గోగు!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు గోగు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. తొలకరికి మెట్ట చేలో చల్లి, పూత దశలో కోసి, కట్టలు కట్టి చెరువులోనో గెడ్డలోనో ఊరేయడం అక్కడ తరాలుగా ఉన్న పని. గోగులో రెండు రకాలున్నాయి. కెనాఫ్ ఒకటైతే, ఎర్ర గోంగూర జాతికి చెందిన రోజెల్ రెండోది. మన దగ్గర ఎక్కువగా పండింది రెండోదే అయినా నార గుణంలో రెండూ అక్కాచెల్లెళ్లే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటలో 'ఏఎంవీ' పేరుతో వంగడాలు కూడా విడుదల చేసింది.

ఇంత నారా చేరింది ఎక్కడికి? గోనె సంచుల్లోకే. ధాన్యం, పంచదార గోనెల్లోనే నింపాలన్న 1987 నాటి కేంద్ర చట్టం జూట్ మిల్లులకు పెద్ద అండ. ఆ అండ ఉండగానే భీమిలి దగ్గరి చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. గోగు చేలు తగ్గి మొక్కజొన్న పెరిగింది. ఒక్క సంచినే నమ్ముకున్న పంటకు రెండో దారి కావాలి కదా.

అట్టపెట్టె రహస్యం

ఆ దారి కారు తలుపులో కనిపిస్తోంది. ఒక అట్టపెట్టె అంచు చించి చూడండి. పైనా కిందా పలచటి కాగితాలు, మధ్యలో అలలు అలలుగా మరో కాగితం. విడిగా దేనికీ బలం లేదు. మూడూ కలిస్తే బరువు మోస్తాయి! కారు లోపలి పలకల్లోనూ ఇలా పొరలే ఉంటాయి. లోపల గట్టి అట్టలాంటి పలక, దానిమీద పలచటి ఫోమ్, పైన గుడ్డ లేదా రెక్సిన్. చెయ్యి తగిలేది పై పొరకే గానీ బలమంతా లోపలి పలకదే.

ఆ పలకను నారతో చేయొచ్చు. నారనూ, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పోగులనూ కలిపి, సూదులతో పొడిచి దుప్పటిలా చేస్తారు. దాన్ని వేడిచేసి అచ్చులో నొక్కితే పలక తయారు. ఇక్కడ ప్రకృతి మనకో సాయం చేసింది. ఈ ప్లాస్టిక్ సుమారు 165 డిగ్రీలకు కరుగుతుంది, నార మాడడం మొదలయ్యేది 200 దాటాకే. ఆ కాస్త తేడా లేకపోతే అచ్చులోంచి బొగ్గు వచ్చేది.

లాభమేమిటంటే బరువు. గాజునార సాంద్రత 2.5 అయితే ఈ నారలది 1.5 లోపే. ఎస్కేప్ తలుపులో సగం నార, సగం ప్లాస్టిక్‌తో చేసిన భాగం బరువు పాతికశాతం తగ్గిందని ఫోర్డ్ ప్రకటించింది. బండి తేలికైతే ఇంధనం మిగులుతుంది. పైగా గుద్దుకున్నప్పుడు ఇలాంటి పలక గాజు పెంకుల్లా పదునుగా చీలదు.

ముక్కుతో పరీక్ష

మరి మన గోగు అక్కడికి ఎందుకు వెళ్లకూడదు? అడ్డం వాసన! వినడానికి నవ్వులాటగా ఉన్నా కార్ల పరిశ్రమలో ఇది గట్టి పరీక్ష. జర్మనీ కార్ల సంఘం పద్ధతి ప్రకారం పలక ముక్కను మూతపెట్టిన గాజుజాడీలో వేడిచేస్తారు. తర్వాత కొందరు మూత తీసి వాసన చూసి, ఒకటి నుంచి ఆరు దాకా మార్కులేస్తారు. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే చెరువు కంపు కొడితే ఎవరు కొంటారు?

ఆ కంపు పుట్టేది గోగు ఊరేసే చోటే. నిలవ నీళ్లలో, మట్టి బరువులు పెట్టి, అవే నీళ్లలో మళ్లీ మళ్లీ ఊరేస్తే నార నల్లబడుతుంది, వాసన పట్టేస్తుంది. నడుంలోతు నీళ్లలో నిలబడి నార తీసే కూలీల ఒంటికీ అది మంచిది కాదు. పారే నీళ్లుంటే బాగుంటుంది. కానీ వానమీద బతికే మెట్టలో అన్ని నీళ్లెక్కడివి?

దీనికి మందు లేకపోలేదు. పశ్చిమ బెంగాల్లోని బ్యారక్‌పూర్ జూట్ పరిశోధన కేంద్రం 'క్రైజాఫ్ సోనా' అనే సూక్ష్మజీవుల పొడి తయారుచేసింది. చల్లితే కట్టలు త్వరగా ఊరతాయి, నార రంగూ మెరుగవుతుంది. పచ్చి కట్టె మీదే బెరడు రిబ్బన్లలా ఒలిచి, ఆ రిబ్బన్లనే ఊరేసే పద్ధతీ ఉంది. కట్టెలు నీళ్లలోకి దిగవు కాబట్టి చిన్న గుంట సరిపోతుంది.

అయితే ఒలిచే యంత్రానికి డబ్బు కావాలి, పొడికీ కావాలి. అన్నీ చేసి తీసిన తెల్లటి నారను కొనేవాడు నల్ల నారతో కలిపి ఒకే ధర కడితే, మర్నాటి ఏడు ఆ రైతు మళ్లీ పాత గుంటలోనే ఊరేస్తాడు. అతణ్ని తప్పుపట్టేదేముంది!